ఏడో మెట్టు

జూన్ 3

వదినకి,

వచ్చి నెలైనా ఒక్క ముక్క రాయలేదని అప్పుడే అలగకు. శిక్షణ అయ్యేదాకా మా ఫోన్లు గేటు దగ్గర ఇనప పెట్టెలో పడుకుంటాయి. ఉత్తరాలు వారానికోసారి సరుకుల విమానంలో వెళ్తాయి. నేను రాసింది నీకు చేరేసరికి ఏడెనిమిది రోజులు. ఈలోగా నా కోపం చల్లారుతుంది, చదివాక నీది మొదలవుతుంది. ఇద్దరం ఒకేసారి అరుచుకునే బాధ లేదు.

విమానం నడపడం నాకు కొత్త కాదు. ఇక్కడ నేర్పేది దాడి. ఇసుక నేల మీద సున్నంతో పెద్ద వలయం గీసి ఉంటుంది. పైనుంచి ముక్కు కిందకి పెట్టి దాని మీదకి దూకాలి, ఉత్తుత్తి బాంబు వదలాలి, మళ్ళీ లేవాలి. దూకడానికీ లేవడానికీ మధ్య పదకొండు సెకన్లు. అంతసేపూ విమానం ముక్కు వెంట్రుకవాసి పక్కకి తిరక్కూడదు. తిరిగితే బాంబు వలయం అవతల పడుతుంది.

నావి ఎడమపక్కన పడుతున్నాయి. అన్ని విమానాల్లోనూ కాదు, పద్నాలుగో నంబరు దాంట్లో, తొమ్మిదో నంబరు దాంట్లో. నేను నడిపిన మిగతావాటిలో శుభ్రంగా వలయంలోనే వేస్తున్నాను. నా వెనక సీట్లో కూర్చునే గురువుగారికి (చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉంటుంది కాబట్టి మేం చాటుగా ఆయన్ని స్టాప్‌వాచ్ అనే పిలుస్తాం) అది పట్టదు. "ముక్కుని పక్కకి తిప్పేవి ఈ పెడల్సే, రెండు సీట్లవీ కలిసే కదులుతాయి. వెనక నావి కదులుతున్నాయమ్మా. ముందు నువ్వు ఎడమ కాలు తొక్కితేనే కదా ఇక్కడ కదిలేది?" అంటాడు. నేను తొక్కట్లేదు వదినా. ఒట్టు.

విమానం పుస్తకంలో "డైవ్‌లో ఎడమకి లాగుతోంది" అని రాశాను. మర్నాడు దాని కింద మెకానిక్కుల జవాబు: "పరీక్షించాం. లోపం లేదు." మళ్ళీ రాశాను. మళ్ళీ అదే జవాబు, అదే చేతిరాత, ఈసారి ఇంకాస్త పెద్ద అక్షరాలతో. స్టాప్‌వాచ్ స్వయంగా ముందు సీట్లో కూర్చుని రెండు విమానాలూ నడిపి వచ్చాడు. బాణంలా వెళ్తున్నాయట.

పరీక్ష ఎగురుళ్ళలో మూడు తప్పితే దాడి శిక్షణలోంచి తీసేసి సరుకుల విమానాలకి పంపేస్తారు. నాకు ఒకటి తప్పింది.

నువ్వు ఇవే విమానాల్ని పంతొమ్మిదేళ్ళుగా విప్పి బిగిస్తున్నావు. ఏమై ఉంటుందో చెప్పు. మీ మెకానిక్కుల పక్షం మాట్లాడకుండా చెప్పు.

నీ
పొట్టి

(అన్నయ్య పెట్టిన పేరే వాడాను. ఇక్కడ పన్నెండుమందిలో అందరికన్నా పొట్టి నేనే. ఒకళ్ళు చెప్పేలోపు మనమే చెప్పుకుంటే నయం.)

---

జూన్ 11

అర్ధమొగుడు గారి సన్నిధికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అన్నారా? పూర్తి మొగుడు కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుని ఊరందరికీ చూపు సరిచేస్తాడు, ఇంటికొస్తే ముక్కు కింద ఉన్న తాళంచెవి కనపడదు. అర్ధమొగుడికి విమానం తప్పు తప్ప తన తప్పు కనపడదు. వంశంలోనే ఉంది, అద్దాలు మార్చినా పోదు.

పక్షం మాట్లాడవద్దన్నావు. మాట్లాడతాను. "లోపం లేదు" అని రాయడానికి మేమెంత చస్తామో నీకు తెలియదు. మా పనిముట్ల పెట్టెలో ఒక్కో పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట ఉంటుంది. సాయంత్రం ఏ గుంటైనా ఖాళీగా కనిపిస్తే ఆ రోజు ముట్టుకున్న విమానాలేవీ ఎగరవు, మనుషులెవరూ ఇంటికి వెళ్ళరు. మొన్న ఒక టార్చిలైటు గుంట ఖాళీ. మూడు గంటలు వెతికాం. సీట్లు పీకాం, పలకలు విప్పాం. చివరికి చూస్తే మా సీనియర్ మెకానిక్ ఆ టార్చి వేసుకునే టార్చి కోసం వెతుకుతున్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా గాలించినట్టు. నవ్వుకున్నాం కానీ, అంత భయంతో చేసే పని మాది. ఆ జవాబు రాసినవాడు రెండుసార్లూ విమానం కడుపులో దూరి చూసే రాసి ఉంటాడు.

ఇక నీ సంగతి. గురువుకి వెనక పెడల్స్ కదిలినట్టు తెలుస్తున్నాయి. ఆయన నడిపితే బాణంలా వెళ్తోంది. మెకానిక్కులు రెండుసార్లు చూశారు. ముగ్గురూ ఒక మాట చెబుతుంటే నువ్వొక్కదానివే ఇంకో మాట చెబుతున్నావు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎలా? భయంతో కాలు బిగుసుకుని తెలియకుండా తొక్కుతున్నావు, అంతే. పంతొమ్మిదేళ్ళలో ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాటిమాటికీ పుస్తకంలో రాస్తే అక్కడివాళ్ళ దగ్గర చులకనైపోతావు. ఇంక రాయకు. కాలు వదులు చేసి కూర్చోవడం నేర్చుకో.

మీ అన్న ఆరోగ్యంగా ఉన్నాడు. దుకాణం ముందు కొత్త బోర్డు పెట్టించాడు, దాని మీద అక్షరాలు మరీ చిన్నవి.

వదిన

---

జూన్ 19

వదినకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకు.

మొన్న రెండో పరీక్ష. పద్నాలుగో నంబరే వచ్చింది. కాలు ఎంత వదులుగా పెట్టానంటే మధ్యలో తిమ్మిరెక్కింది. నాలుగు బాంబులు. మొదటిది వలయం అంచున పడింది, మిగతా మూడూ ఎడమకే. దిగాక స్టాప్‌వాచ్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. తన గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెల్లిగా అడిగాడు. "విమానంలో ఏదైనా ఉందని నీకు నిజంగా అనిపిస్తే ఇప్పుడు రాయి. ఇంకోసారి పూర్తిగా విప్పించి చూపిస్తాను. లేదంటే లేదని సంతకం పెట్టు, నీ కాలి మీద పనిచేద్దాం."

కాగితం ముందుంది. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఆడలేక మద్దెల ఓడు. చులకనైపోతావు. పంతొమ్మిదేళ్ళ అనుభవం. "విమానంలో లోపం లేదు, పొరపాటు నాదే" అని రాసి సంతకం పెట్టాను.

పెట్టిన దగ్గర్నుంచి అన్నం సయించట్లేదు. అబద్ధం ఆడినట్టుంది. కానీ నువ్వు అబద్ధం ఎందుకు చెబుతావు? కాబట్టి నాదే తప్పై ఉండాలి. అయితే నా కాలు నాకు తెలియకుండా తొక్కుతోందన్నమాట. అలాంటి కాలితో దేన్ని నమ్మి దూకను?

ఇంకొక్కటే మిగిలింది. అన్నయ్యకి చెప్పకు.

పొట్టి

---

జూన్ 27

పొట్టీ,

సంతకం ఎందుకు పెట్టావే? పుస్తకంలో ఊరికే రాయద్దన్నాను గానీ, విప్పి చూస్తామని వాళ్ళంతట వాళ్ళే అంటుంటే వద్దనమన్నానా? చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ వినేదానివి నువ్వు తెలివితేటలు మరీ ఎక్కువ చూపించావు.

సరే, అయిందేదో అయింది. నిన్నటి నుంచి ఒక ఆలోచన బుర్ర తొలిచేస్తోంది. ఏదో తేలేదాకా చెప్పను. నేను అడిగేవాటికి మాత్రం వెంటనే జవాబు రాయి.

నువ్వు కూర్చునేటప్పుడు సీటు ఎంత ఎత్తుకి లేపుకుంటావు? పెడల్స్ ఏ మెట్టు దాకా దగ్గరికి లాక్కుంటావు? రెండూ ఒకే మెట్టులో ఉంటాయా? నడుం వెనక దిండు ఏమైనా పెట్టుకుంటావా?

తప్పకుండా రాయి.

వదిన

ఒసేయ్ పొట్టీ, అన్నయ్యని. కాగితం కింద చోటు మిగిలిందని మీ వదిన చేతిలోంచి లాక్కుని రాస్తున్నా. దిండు గురించి అడిగిందట కదా! మా పెళ్ళి ఫోటోలో నిన్ను ఎక్కించిన స్టూలు ఇంకా అటక మీదే ఉంది, పార్సిల్ చెయ్యమంటావా? మీ వదిన పడీపడీ నవ్వుతోంది. బాగా చదువుకో.

---

జూలై 5

వదిన గారికి,

నమస్కారం.

మీరు అడిగిన సమాచారం: నాకు దిండు లేదు. స్టూలు కూడా లేదు. పంపనవసరం లేదు.

పెళ్ళి ఫోటో రోజున స్టూలు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది మీరే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు నాకు పదహారేళ్ళు. మీరు కొత్తగా వచ్చారు, మీ మనసు కష్టపెట్టకూడదని నవ్వాను. ఆరేళ్ళయింది. ఇక చాలు. ఒక పరీక్ష తప్పితే నా బతుకు మారిపోతుందని చెప్పుకుంటే, పుండు మీద కారం చల్లినట్టు సీటు ఎత్తెంత, మెట్టేది, దిండుందా అని అడుగుతారా? మొగుడూ పెళ్ళాం కలిసి నవ్వుకుంటూ రాస్తారా? అన్నయ్యకి చెప్పద్దని రాశాను. ఆ ఒక్క మాటైనా మీ దగ్గర నిలవలేదు.

ఇక్కడ నా బ్యాచివాళ్ళు కూడా నన్నిలా అడగలేదు. పరాయివాళ్ళు నయం.

మూడో పరీక్ష ఇరవై రెండున. అది అయ్యేదాకా నాకు ఉత్తరాలు రాయకండి. వచ్చినా విప్పను.

ఇట్లు,
మీ ఆడపడుచు

---

జూలై 12

పొట్టీ, విప్పు. ఈ ఒక్కటీ విప్పు.

"మీరు" అన్నావు. ఆరేళ్ళలో మొదటిసారి. కవరు మీద నీ రాత చూసి సంతోషంగా హ్యాంగర్‌లోనే చించి చదివాను, చదివాక చేతిలో రెంచి ఎక్కడ పెట్టానో తెలియలేదు. ఆ రోజు గుంట ఖాళీ నాదే.

నేను మీ అన్నకి నీ పరీక్షల సంగతి చెప్పలేదు. దిండు అన్న ఒక్క మాట భుజం మీంచి చదివి ఆ వెధవ జోకు రాశాడు. నేను నవ్విన మాట నిజం. స్టూలు అటక మీద లేదు, దుకాణంలో ఆయన కూర్చునేది దాని మీదే, అందుకు నవ్వాను. నీ మీద కాదు. తర్వాత ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అసలు ఎందుకడిగానో అప్పుడే చెప్పి ఉండాల్సింది. తేలకుండా చెబితే నా పెద్దరికం ఎక్కడ పోతుందోనని దాచాను. ఇప్పుడు చెబుతాను.

ఆ విమానంలో ఒక్కో పెడల్‌కీ ఏడు మెట్లు. పొడుగు కాళ్ళవాళ్ళు ఒకటి, రెండు, మూడులో పెట్టుకుంటారు. ఏడోది అందరికన్నా దగ్గరిది. ఒక్కో పెడల్ వెనకా ఒక మేకు ఉంటుంది, అది మెట్టు గాడిలో కూర్చుని పెడల్‌ని కదలకుండా పట్టుకుంటుంది. ఆ గాడి అరిగిపోయి ఉంటే? మామూలుగా తొక్కినంతసేపూ నిలుస్తుంది. డైవ్‌లో ఒళ్ళంతా బిగబట్టి రెండు కాళ్ళూ అదిమినప్పుడు కుడి పెడల్ ఒక్క మెట్టు ముందుకి జారిందనుకో. వేలెడంత కూడా ఉండదు, బిగించి కట్టిన బూట్లో అది నీకు తెలియదు. నువ్వు రెండు కాళ్ళూ సమంగానే పెట్టాననుకుంటావు, విమానం మాత్రం నువ్వు కుడి కాలు వెనక్కి తీసి ఎడమ తొక్కావనుకుంటుంది. వెనక సీట్లో గురువుకీ అలాగే తెలుస్తుంది. దిగేముందు పెడల్స్ మొదటి మెట్టుకి తోసి దిగడం మీ పద్ధతి కదా, దాంతో ఉన్న సాక్ష్యం కాస్తా పోతుంది.

ఇదంతా ఊహే. నువ్వు ఏడో మెట్టులో కూర్చుంటేనే ఇందులో ఏమైనా ఉంది. అయిదులోనో ఆరులోనో కూర్చుంటే నేను చెప్పిందంతా చెత్తబుట్టలో వెయ్యి. ఒక్క అంకె రాయవే తల్లీ. తిట్టుకుంటూ అయినా రాయి.

వదిన

---

జూలై 21

పొట్టీ,

పోయిన ఉత్తరం నీకు ఇప్పుడే చేరుతుంటుంది. విప్పవని తెలుస్తూనే ఉంది. ఇదీ విప్పవేమో. అయినా రాస్తాను.

నీ అంకె కోసం ఆగలేకపోయాను. మా దగ్గర మరమ్మతుకొచ్చిన విమానాలు నాలుగున్నాయి. నేను కూర్చుంటే మోకాళ్ళు ముందున్న మీటర్ల పలకకి తగులుతాయి, ఏడో మెట్టులో నా కాలు మడత పడదు. మెకానిక్కులందరూ నాలాగే తాటిచెట్లు. స్టోర్సులో విడిభాగాలకి గుర్తు బిల్లలు రాసే ఒకావిడ ఉంది, నీకన్నా రెండు వేళ్ళు పొట్టి. "అక్కా, ఒక్కసారి విమానం ఎక్కుతావా?" అంటే ఎగరేస్తానేమోనని దణ్ణం పెట్టింది. బతిమాలి ఎక్కించి, ఏడో మెట్టులో పెట్టి, నేను కింద తలకిందులుగా దూరి టార్చి వేసి చూస్తూ "తొక్కక్కా, మీ ఆఫీసరు మొహం తలుచుకుని తొక్కు" అన్నాను. రెండో విమానంలో టక్కుమంది. నా కళ్ళ ముందే మేకు గాడి దాటింది. నాలుగో దాంట్లో కూడా.

గాడి ఎలా అరిగిందో కూడా అప్పుడే అర్థమైంది. పెడల్స్ వెనక పనిచెయ్యాలంటే మేం వాటిని పూర్తిగా దగ్గరికి, అంటే ఏడో మెట్టుకి లాగి, పలక కింద తలకిందులుగా దూరతాం. పని అయ్యాక పైకి రావడానికి వాటినే పట్టుకుని వేలాడతాం. ప్రతి మెకానిక్కూ, ప్రతిసారీ. నేను కూడా. ఆ గాడిని అరగదీసింది మేమే.

మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు దొరకలేదు? చెక్‌లిస్టు తీశాను. ముప్పై ఒకటో లైను: "పెడల్ పట్టును మధ్య మెట్టులో పరీక్షించాలి." ఏడు మెట్లూ ఒక్కొక్కటే చూడాలంటే గంటన్నర పడుతుందని ఎనిమిదేళ్ళ కిందట ఆ లైను మార్చారు. ఒక మెట్టు చూస్తే అన్నీ చూసినట్టేనని ఎవరో రాశారు, పైవాళ్ళు ఒప్పుకున్నారు, అన్ని స్థావరాలకీ అదే వెళ్ళింది. మీ దగ్గర "పరీక్షించాం, లోపం లేదు" అని రాసినవాడు ఆ లైను చూసే రాశాడు, నిజాయితీగానే రాశాడు.

ఆ లైను రాసింది నేనే. కింద నా పొట్టి సంతకం ఉంది. ఆ సంవత్సరం దానికి నాకు మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు. ముందుగదిలో మీ అన్న ఫ్రేము కట్టించి పెట్టాడే, అదే.

నిన్న మా ఆఫీసరుకి చెప్పాను. "నెలాఖరులో పైవాళ్ళ తనిఖీ ఉంది, అది కానివ్వు, తర్వాత రిపోర్టు పెడదాం" అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని సామెత కూడా చెప్పాడు. ఒక రోజంతా ఓపిక పట్టాను. ఇవాళ పొద్దున ఆయన్ని దాటి నేరుగా పైకి తంతి (మా సర్వీసు సందేశానికి ఇంకా అదే పేరు) పంపించేశాను. ఆ రకం విమానాలన్నీ ఆపి, ఏడో మెట్టు చూడాలని.

నీ పరీక్ష రేపు. తంతి అక్కడికి ఎప్పుడు చేరుతుందో తెలియదు. నాకు చేతనైంది ఇంతే. ఇదంతా జూన్‌లో నీ మొదటి ఉత్తరం చూసిన రోజు చెయ్యాల్సింది.

వదిన

---

జూలై 24

వదిన గారికి,

మీ ఉత్తరం విప్పకుండా పెట్టెలో ఉంది. పరీక్షకి ముందే వచ్చింది. ఇంకోటి దారిలో ఉందేమో, సరుకుల విమానం రేపు వస్తుంది. విప్పను. నేను చెప్పాల్సింది చెప్పి ముగిస్తాను.

మొన్న మూడో పరీక్ష అయింది. ఈసారి తొమ్మిదో నంబరు. మీరు సీటూ మెట్టూ అని అడిగినప్పటి నుంచి నాకు నా సీటు చూస్తేనే సిగ్గుగా ఉంది. ఎప్పుడూ ఏడో మెట్టులో పెట్టుకునేదాన్ని. పక్కవాళ్ళు చూస్తే నవ్వుతారేమో, గురువు రాస్తారేమో అనిపించింది. ఈసారి రెండూ ఆరో మెట్టుకి తోశాను. బూటు కొనలు మాత్రమే అందాయి. పరవాలేదు, పొట్టిదాన్నని మళ్ళీ ఎవరూ అనరు కదా అనుకున్నాను.

నాలుగు బాంబులూ వలయంలోనే పడ్డాయి. నాలుగూ! రేడియోలో కింది నుంచి ఎవరో "శభాష్" అన్నారు. పైకి లేస్తుంటే కళ్ళు మసకేశాయి. నా కాలు నాకు తిరిగొచ్చిందనుకున్నాను.

దిగేటప్పుడు పక్కగాలి ఉంది. చక్రాలు నేలకి తగిలాక బ్రేకు వెయ్యాలంటే పెడల్ పైభాగాన్ని పాదంతో పూర్తిగా తొక్కాలి. ఆరో మెట్టులో నా పాదం అంతవరకు చేరలేదు. ఎంత సాగినా చేరలేదు. వెనక నుంచి స్టాప్‌వాచ్ బ్రేకు అందుకునేలోపు విమానం పక్కకి పోయి గడ్డిలో ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. ఒక టైరు పోయింది.

"బాంబులు బ్రహ్మాండంగా వేశావు. కానీ విమానాన్ని నేల మీద ఆపలేనివాళ్ళని నేను పాస్ చెయ్యలేను" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మూడూ తప్పాయి. నేను స్వయంగా సంతకం పెట్టిన కాగితం ఫైల్లో ఉంది, "పొరపాటు నాదే" అని. మళ్ళీ విచారణ కూడా అక్కర్లేదన్నారు.

రెండు వారాల్లో సరుకుల విమానాలకి వెళ్ళిపోతున్నాను. ఉత్తరాలు మోసే పని చేస్తాను. మీ ఇద్దరికీ ఇక నవ్వుకోవడానికి కావలసినంత తీరిక.

ఆడపడుచు

---

ఆగస్టు 1

పొట్టీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అన్నకి కూడా చదివి వినిపించాను. ఇక దాచడానికేముంది. ఆయన దుకాణం మూసేసి వచ్చి గోడకున్న ఫ్రేము దించి బోర్లా పెట్టాడు.

ఆరో మెట్టులో పెట్టుకున్నావు. నాలుగూ వలయంలో పడ్డాయి. నీ కాలుకేం కాలేదే పిచ్చిదానా. ఎప్పుడూ ఏం కాలేదు. నా ఉత్తరాలు ఇప్పటికైనా విప్పు. అన్నీ అందులో ఉన్నాయి, ఎందుకడిగానో, ఎవరిది తప్పో.

నేను నిజం తేల్చడానికి వేసిన ప్రశ్నే నిన్ను ఆరో మెట్టుకి తోసింది. అంతకుముందు తెలియకుండా ఇచ్చిన సలహా నీ చేత సంతకం పెట్టించింది. అంతకుముందెప్పుడో గంటన్నర కలిసొస్తుందని రాసిన లైను నీ కింద పెడల్ జారనిచ్చింది. మూడుసార్లూ నేనే. క్షమించమని అడగడానికి నోరు రావట్లేదు. కోపంగా ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియట్లేదు. నిన్న మీ అన్న మీద చూపించాను, ఆయన పాపం పడ్డాడు.

నా తంతి పైకి చేరింది. మా ఆఫీసరు మండిపడ్డాడు. విచారణ అయ్యేదాకా నా సంతకం చెల్లదన్నారు. పంతొమ్మిదేళ్ళలో నేను సంతకం పెట్టకుండా ఒక్క విమానం బయటికి వెళ్ళలేదు. ఇప్పుడు స్టోర్సులో ఆ అక్క పక్కన కూర్చుని బిల్లలు అంటిస్తున్నాను. ఆవిడ తనూ విమానం ఎక్కానని అందరికీ చెప్పుకుంటోంది.

రాయకపోయినా సరే, చదువు.

వదిన

---

ఆగస్టు 14

వదినా,

విప్పాను. మూడూ ఒకే రోజు, ఒకదాని తర్వాత ఒకటి, మెస్‌లో బల్ల మీద పెట్టుకుని. టీ చల్లారిపోయింది. ముందు చాలా కోపమొచ్చింది. ఇప్పటికీ పోలేదు. అది నువ్వు తెలుసుకోవాలి కాబట్టి మొదటే రాస్తున్నాను.

నీ తంతి తాలూకు ఉత్తర్వు ఇక్కడికి ఏడో తారీఖున వచ్చింది. పద్దెనిమిది విమానాలూ ఆపేశారు. ఏడో మెట్టులో కాళ్ళు పెట్టి బలంగా తొక్కి చూడాలని రాసి ఉంది. ఇక్కడి మెకానిక్కులందరూ మీ వాళ్ళలాగే తాటిచెట్లు. ఎవరి మోకాళ్ళూ మడత పడలేదు. ఒకాయన ఇరుక్కుపోతే ఇద్దరు కలిసి లాగారు. చివరికి స్టాప్‌వాచ్ నా గదికొచ్చాడు. నేను పెట్టె సర్దుకుంటున్నాను. "నీతో ఒక పనుంది" అన్నాడు. మొహం నా వైపు పెట్టలేదు.

ఎగరడానికి వచ్చినదాన్ని, ఆగిపోయిన విమానాల్లో వరసగా కూర్చుని పెడల్స్ తొక్కాను. ఎండలో, కదలని విమానంలో, పద్దెనిమిదింట్లో. ప్రతిదాని కిందా ఒక మెకానిక్ టార్చి పట్టుకుని పడుకున్నాడు. మొదటి అయిదింట్లో ఏమీ లేదు. ఆరోది పద్నాలుగో నంబరు. స్టాప్‌వాచ్ నిచ్చెనెక్కి నా పక్కనే నిలబడ్డాడు. రెండు కాళ్ళూ అదిమాను. టక్కుమంది. కుడి పాదం కింద పెడల్ కొంచెం జారింది. కొంచెమే. మూడు నెలలు నన్ను చంపింది ఆ కాస్తే.

ఏడ్చాను వదినా, హెల్మెట్ కూడా లేదు దాచుకోవడానికి. "సార్, ఇది నా కాలు కాదు" అన్నాను. ఆయన పుస్తకం అడిగి తెప్పించుకుని తన చేత్తో రాశాడు: "డైవ్‌లో ఎడమకి లాగుతోంది. లోపం ఉంది." నేను మొదట్లో రాసినదాని కిందే రాశాడు. ఆ రోజు మొత్తం ఏడు విమానాల్లో జారింది.

నా బ్యాచి నిన్న పాసై వెళ్ళిపోయింది. పదకొండుమంది. బయల్దేరేముందు అందరూ వచ్చి చేతులు కలిపారు. నా ఫైలు తెరిచారు, మూడు పరీక్షల్లో రెండు కొట్టేశారు. మూడోది ఉంచారు, బ్రేకు అందనిది నిజమే కదా. సరుకుల విమానాలకి పంపడం ఆపారు. వచ్చే బ్యాచితో మొదటి రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. గెలిచానో ఓడానో తెలియట్లేదు. మూడున్నర నెలలు పోయాయి.

విచారణకి ముగ్గురు వచ్చారు. నన్నూ పిలిచారు. బల్లకి అవతల ముగ్గురు, ఇవతల నేను, నా కాళ్ళు నేలకి ఆనని కుర్చీ. పెద్దాయన అడిగాడు: "ఈ లోపం మొట్టమొదట కనిపెట్టిందెవరు?" నీ పేరు చెప్పాను. రాసుకున్నాడు. "చెక్‌లిస్టులో ముప్పై ఒకటో లైను రాసిందెవరో నీకు తెలుసా?" అన్నాడు.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. తెలియదని చెప్పచ్చు. నువ్వు మా ఇంటి మనిషివి, నా కోసం నీ సంతకం పోగొట్టుకున్నావు. పెద్దాయన తల ఎత్తి చూశాడు.

అదీ నీ పేరే చెప్పాను.

పొట్టి